ఆ పేరు రాల్చింది దేవుడు కాదు

సహోదరులారా, సహోదరీలారా, ఈ దంతాలపల్లి సంఘంలో నన్ను నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం, మీ అందరికీ నా వందనాలు. ముందే ఒక మాట చెప్పేస్తాను, తరువాత ఎవరూ నన్ను అడగొద్దు. నా కుడిచెయ్యి బాగుకాలేదు. ఇదిగో, ఈ బొటనవేలు ఇంతకన్నా వంగదు, ఈ రెండు వేళ్లు పొద్దున లేచేసరికి బిగుసుకుని ఉంటాయి. ఇందాక ఇక్కడికి వచ్చేముందు ఒక అక్క నా చెవి దగ్గరికి వచ్చి "చెయ్యి మంచిగైందని చెప్పరాదు, నలుగురికి విశ్వాసం పెరుగుతది" అన్నది. నాకు ఒళ్లు మండింది. దేవుడు చేసింది చెప్పడానికే నాకు ఇచ్చిన సమయం చాలదు, ఆయన చేయనిది కూడా ఆయన మీద వేసి ఎందుకు చెప్పాలి? నేను కోపిష్టిదాన్ని. నా పేరు రాజమణి, మాది స్టేషన్ ఘన్‌పూర్, అక్కడ మా వాడలో ఎవరినడిగినా ముందు నా కోపం సంగతి చెప్పి, తరువాత నా ఇల్లు చూపిస్తారు.

నేను పద్దెనిమిదేళ్లు జాకెట్లు కుట్టాను. పెళ్లిళ్ల కాలంలో మా ఇంటి ముందు చెప్పులు విడవడానికి జాగా ఉండేది కాదు. నాకు ఒక పద్ధతి ఉండేది. జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ, వేలెడంత ముక్కైనా సరే, చుట్టగా చుట్టి దారంతో కట్టి ఆ జాకెట్టు లోపలే పెట్టి ఇచ్చేదాన్ని. టైలరమ్మ అంటే గుడ్డ దాచుకుంటుందని లోకానికి ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది కదా, ఆ మాట నా మీద పడకూడదని నేను అంత జాగ్రత్తగా ఉన్నాను. అలాంటి నాకు కీళ్లవాతం వచ్చింది. మొదట బొటనవేలు, తరువాత మణికట్టు, ఒకరోజు పట్టుచీర జాకెట్టు గుడ్డ మధ్యలో కత్తెర ఆగిపోయింది, నా వేళ్లు మూసుకోవు, తెరుచుకోవు. వరంగల్లులో డాక్టరు చూసి, మందులు వాడాలి, కత్తెర పని మాత్రం ఇక మానుకోవాలి అన్నాడు. నేను ఇంటికొచ్చి మిషను మీద దుప్పటి కప్పి దాని ముందే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు సునీత గురించి చెప్పాలి. సునీత నా యారాలు, నా మరిది భార్య. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, ఇద్దరమూ ఒకే సంఘం. ఆమె కూడా కుట్టుపని నేర్చుకుంది, కాని వాడలోని వాళ్లంతా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నా చెయ్యి పడిపోయిన నెలకు, శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనలో నా కోసం ప్రార్థన చేద్దామని అందరూ మోకాళ్లూనారు. సునీత గొంతెత్తింది. ఆ ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం నాయినా. మా అక్క చెయ్యిని నీ చేతుల పెడుతున్నం ప్రభువా. తెల్వక చేసింది నాయినా, ఊరోళ్ల జాకెట్ల గుడ్డముక్కలు దాసుకున్న పాపం నువ్వు మనసుల పెట్టుకోకు తండ్రీ. ఆమె ఒప్పుకునేటట్టు జర మనసియ్యి ప్రభువా. ఆ చేతిని నువ్వే ఇడిపించు తండ్రీ."

గదిలో ఉన్న వాళ్లంతా ఆమేన్ అన్నారు. సహోదరీలారా, అందరూ అన్నారు. నా చేత పెళ్లి జాకెట్లు కుట్టించుకున్న వాళ్లు, మిగిలిన ముక్క చుట్టను తమ చేతులతో విప్పి చూసుకున్న వాళ్లు, వాళ్లు కూడా ఆమేన్ అన్నారు. ఎదురుగా నిలబడి తిట్టి ఉంటే నేను కొప్పు పట్టుకుని బజారుకు ఈడ్చేదాన్ని. ప్రార్థనలో ఉన్నదాన్ని ఎట్లా పట్టుకోవాలి? కళ్లు మూసుకుని, తలమీద కొంగు కప్పుకుని, కన్నీళ్లు కారుస్తూ దేవునితో నా మీద చాడీ చెబుతోంది, మధ్యలో ఆపితే నేనే పాపిని. ఈ రోగం మన సంఘాల్లో ఉంది. ఎదుటివాళ్ల సంగతులు నలుగురిలో విప్పాలంటే ప్రార్థన అంశం అని పేరుపెడతాం. మీ సంఘంలో లేదంటే సంతోషం, నాకు మాత్రం నమ్మకం లేదు.

బయటికి రాగానే నేను దారి అడ్డం నిలబడ్డాను. "ఏందే సునీత, నేను ఎవరి గుడ్డ దాసుకున్ననే?" అని అడిగాను. ఆమె ఎంత నెమ్మదిగా చెప్పిందనుకున్నారు. "నేను నిన్ను అన్ననా అక్కా? నేను దేవునితోటి మాట్లాడిన."

ఆ వారంలోనే ఒకామె మూడేళ్ల కింద కుట్టించుకున్న జాకెట్టు పట్టుకుని వచ్చి, దీని ముక్క ఎక్కడుందో వెతుకు అని నా గుమ్మంలో కూర్చుంది. అప్పటి నుంచి నేను సంఘానికి వెళ్లడం మానేశాను. పదకొండు నెలలు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ముట్టలేదు. గోడ అవతల సునీత పాటలు పాడుతుంటే ఇవతల నేను గిన్నెలు కావాలని ఎత్తి పడేసేదాన్ని. ప్రార్థన మాత్రం మానలేదు, ఆ ప్రార్థన ఎట్లాంటిదో చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని చెబుతాను. "ప్రభువా, నా చెయ్యి పడ్డట్టు దాని నోరు పడాలె. నలుగుట్ల అది తలకాయ దించాలె. నేను సూడాలె." రోజూ ఇదే. అన్నం తినేముందు కూడా ఇదే.

ఆ రోజుల్లోనే నా బిడ్డ కావ్య, హనుమకొండలో ఒక ప్రింటింగు షాపులో పనిచేస్తుంది, ఇంటికి ఒక కటింగ్ మిషను తెచ్చింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే చిన్నది, రొట్టెల డబ్బా అంత ఉంటుంది. ఫోనులో బొమ్మ పెట్టి మీట నొక్కితే లోపల ఉన్న సన్నని కత్తి రంగురంగుల ప్లాస్టిక్ షీటు మీద ఆ బొమ్మను గీసి కోసేస్తుంది. అవసరం లేని భాగాన్ని సూదితో లేపి తీసేసి, మిగిలిన బొమ్మను సంచి మీద పెట్టి ఇస్త్రీపెట్టెతో నొక్కితే గుడ్డకు పట్టేస్తుంది. "అమ్మా, కత్తెర దీని లోపలున్నది, నువ్వు పట్టుకునే పనే లేదు" అన్నది నా బిడ్డ. నేను ఎడమచేత్తో సూది పట్టడం నేర్చుకున్నాను. మొదట్లో అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిప్పి కోయాలని తెలియక నాలుగు సంచులు పాడుచేసి, ఆ మిషనునే తిట్టాను. తరువాత చెయ్యి తిరిగింది. కాలేజీ పిల్లల సంచులు, కళ్లద్దాల పెట్టెలు, ఫోను పర్సులు, జడక్లిప్పులు, ఏది ఇచ్చినా దాని మీద పేరో పువ్వో పిట్టో వేసి ఇచ్చేదాన్ని. పని లేక ఒట్టిగా కూర్చున్న నాకు మళ్లీ పని దొరికింది. ఇది ప్రభువు చేసిన మేలే, కాని అప్పుడు నేను ఆయనకు ఒక్క స్తోత్రం కూడా చెప్పలేదు.

ఈ పనిలో ఒక సంగతి ఉంది, అది మీకు తెలియాలి. ఇస్త్రీపెట్టె బాగా కాలి ఉండాలి, ఒంటి బరువంతా వేసి నొక్కి నిదానంగా పదిహేను లెక్కపెట్టాలి, చల్లారాక పైన ఉన్న పల్చని పొర తీయాలి. అప్పుడే అక్షరం గుడ్డలోకి దిగుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. వేడి తగ్గించి గబగబా నొక్కి తీస్తే కూడా అంటుకున్నట్టే కనిపిస్తుంది, చూసేవాళ్లకు తేడా తెలియదు, కాని రెండు రోజులు చేతుల్లో నలిగితే ఊడిపోతుంది.

మా పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. నెల్లికుదురులో మూడు రోజుల స్త్రీల కూడిక ఉంది, మన సంఘం నుంచి వెళ్లే నలభై మందికీ వాక్యపు పుస్తకమూ పాటల పుస్తకమూ పెట్టుకునే సంచులు కావాలి, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు వేయి, ఆ వంకతో నువ్వు కూడా మళ్లీ రా అన్నారు. పేర్ల కాగితం ఇచ్చారు. పదిహేడో పేరు సునీత.

నేను అందరి పేర్లూ శ్రద్ధగా వేశాను. ఆ ఒక్క సంచి దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి, మూడు లెక్కపెట్టి తీసేశాను. పొరపాటు కాదు, చెయ్యి నొప్పి కాదు. కావాలనే చేశాను. అందరి మధ్యలో దాని పేరు ఊడాలి, దాని సంచి ఒక్కటే బోసిగా కనపడాలి, ఆడవాళ్లు ముసిముసిగా నవ్వాలి, అంతే నేను అనుకున్నది. మడతపెట్టి కట్టలో పెడుతూ నవ్వుకున్నాను కూడా.

కూడికకు వెళ్లాను. వాక్యం కోసం కాదు, ఆ పేరు ఊడడం కళ్లారా చూడాలని రెండు బస్సులు మారి తొర్రూరు మీదుగా వెళ్లాను. మొదటిరోజు సునీత ఆ సంచి ఒళ్లో పెట్టుకుని వరుసలోంచి వంగి నాతో "నా పేరు మంచిగ అచ్చింది అక్కా" అన్నది. పదకొండు నెలల తరువాత మొదటి మాట. నేను ముఖం తిప్పుకున్నాను.

రెండో రోజు పొద్దున ప్రసంగం పరలోకంలో రాయబడిన పేర్ల గురించి. నేను చెబుతున్నది దేవుని ముందు నిజం, ఆ ప్రసంగం ఏమిటో నాకు ముందుగా తెలియదు. ప్రసంగం చేస్తున్న పెద్దాయన గొంతు పెంచి, ఆ గ్రంథంలో నీ పేరు ఉందా, కొట్టివేయబడిందా అని అడుగుతున్నాడు, ఆడవాళ్లు ఏడుస్తున్నారు, సునీత వేళ్లతో సంచి మీది పేరు తడుముతోంది. మొదటి అక్షరం ఆమె బొటనవేలికి అంటుకుని వచ్చేసింది. తరువాతివి ఒళ్లో రాలాయి. ఆమె అటూ ఇటూ చూసింది. పక్కామె సంచి మీద పేరు ఉంది, ముందామె సంచి మీద ఉంది, వరుసంతా ఉంది, తన పేరు ఒక్కటే లేదు. అప్పుడు వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నా పేరు కొట్టేసిండు. దేవుడు నా పేరు కొట్టేసిండు" అంటూ కుర్చీలోంచి కిందపడింది.

ప్రసంగం ఆగిపోయింది. ఏ పాపం దాచావో చెప్పు తల్లీ అన్నాడు ఆ పెద్దాయన, మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. "మా అక్క ఎవరి గుడ్డ దాసుకోలే. నేను చూడలే, ఎవ్వరు చెప్పలే. అందరు ఆమెకే కుట్టనిస్తున్నరని నాకు ఓర్వలే. ప్రార్థన పేరు మీద అబద్ధం చెప్పిన" అన్నది సునీత. మా సంఘంలోని ఆడవాళ్లంతా నా మీద పడి కౌగిలించుకున్నారు, "రాజమణీ, దేవుడు నీ దిక్కు నిలవడ్డడు" అన్నారు. ఆ రోజు ఆమేన్ అన్న నోళ్లే ఇవి. అయినా నాకు ఎంత తియ్యగా ఉందో. ఏడ్చాను, చేతులెత్తి స్తోత్రం కూడా చెప్పాను. ఆ మధ్యాహ్నం అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను, సిగ్గులేనిదాన్ని.

కాని వాళ్లు సునీతను వదల్లేదు. మధ్యాహ్నం మళ్లీ లేపారు, పొద్దున రాని వాళ్లకు చెప్పు అన్నారు. సాయంత్రం మళ్లీ లేపారు. తెల్లారి పక్క ఊర్ల నుంచి కొత్తవాళ్లు వస్తే మళ్లీ లేపి, ఆ బోసి సంచి ఎత్తి చూపించారు. ఉపవాసం ఉండు, నీళ్లు కూడా ముట్టకు, దేవుడు ఇంకా కరుణించలేదు అన్నారు. ఆమె రాలిన అక్షరాలను ఏరి చేతిరుమాలులో కట్టుకుని, దగ్గరికొచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒకటే అడుగుతోంది. "కొట్టేసిన పేరు మళ్ల రాస్తడా?" ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, రాస్తాడు అని తిన్నగా చెప్పలేదు. ప్రార్థన చేసుకో అన్నారు, ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉండు అన్నారు. ఆమె పెదవులు ఎండి పగిలిపోయాయి. నాకు కోపం తన్నుకొచ్చింది. ఒక్క మనిషిని ఎన్నిసార్లు లేపుతారు వీళ్లు, తమాషానా అనిపించింది. అప్పుడు తట్టింది, వీళ్లను అంటున్నాను సరే, ఆ పేరు ఊడగొట్టింది ఎవరు?

హాలు వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి నిలబడ్డాను. మోకాళ్లూనలేదు, నిలబడే కొట్లాడాను. "ప్రభువా, నా తప్పేంది? పదకొండు నెలలు నేను ఏడ్సినప్పుడు నువ్వు యాడున్నవ్? అది నన్ను దొంగను చేసినప్పుడు నువ్వెందుకు మాట్లాడలే? ఇయ్యాల అది ఏడిస్తే నన్నెందుకు సతాయిస్తున్నవ్? నేను చెప్ప. నన్ను ఎవ్వరు అడగలే, నేను చెప్ప." సహోదరులారా, స్వరమేమీ రాలేదు, దర్శనమూ రాలేదు. ఒక్క సంగతి మాత్రం మనసులో పడి కదలకుండా కూర్చుంది. సునీత తన అబద్ధాన్ని దేవునికి చెప్పింది. నేను నా అబద్ధాన్ని దేవుడే చెప్పినట్టు చేశాను. రెండిట్లో నాదే పెద్దది. పైగా నేను అడిగిందంతా జరిగింది, నోరు ఎండిపోయింది, నలుగురిలో తల దించింది, నేను చూశాను. చూసినా నా కోపం ఇంచు తగ్గలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

పాస్టరమ్మగారిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఊకో రాజమణి. ఆమె పాపం ఒప్పుకున్నది గదా. నీ తప్పును గూడ దేవుడు వాడుకున్నడు. ఇప్పుడు చెప్తే ఇంతమంది విశ్వాసం చెడిపోతది" అన్నది. "అమ్మగారూ, ఆ మనిషి నీళ్లు తాగుతలేదు" అన్నాను. "దేవుడు చూసుకుంటడు" అన్నది. "దేవుడు కాదమ్మగారూ, నా ఇస్త్రీపెట్టె. మీరు నా ఇస్త్రీపెట్టెకు దండం పెట్టిస్తున్నరు వీళ్లతోని" అని చెప్పి నేను లోపలికి నడిచాను.

పాట అవుతోంది, ఆగమని చెయ్యి చూపించి మైకు తీసుకున్నాను. "ఆ పేరు దేవుడు కొట్టెయ్యలే. నేనే సరిగ్గ అంటించలే. పగతోటి కావాల్నని చేసిన. సునీత, నీ పేరుకు ఏం కాలే, నువ్వు నీళ్లు తాగు" అన్నాను. సునీత లేచింది. వరుసలు దాటుకుంటూ తూలుతూ వచ్చింది, అందరూ కౌగిలించుకుంటుందని అనుకున్నారు, కొందరు అప్పటికే హల్లెలూయ మొదలుపెట్టారు. వచ్చి నా చెంప మీద కొట్టింది.

నేను పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ కొట్టలేదు. నా కుడిచెయ్యి పనికిరాదు కాని ఎడమచెయ్యి మంచిగానే ఉంది, లేచింది కూడా, అందరూ చూశారు. అది దిగిపోయింది. నేను దించుకోలేదు, నా బలంతో దించుకోగలిగిన దాన్నే అయితే నా బతుకు ఇట్లా ఎందుకుంటుంది? ప్రభువే దించాడు. "రెండు దినాలు చచ్చి బతికిన అక్కా. నరకానికి పోతున్ననుకున్న" అన్నది సునీత. "తప్పు నాదే సునీత" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నా పెనిమిటి కూడా ఎన్నడూ వినలేదు. ఆమె చెయ్యి చాపి, "నీళ్లియ్యి" అన్నది. నా చేత్తో తెచ్చి ఇచ్చాను, నిలబడే రెండు గ్లాసులు తాగింది.

దీన్నే నేను విడుదల అంటున్నాను. కూడిక పాడుచేసిందని నన్ను అన్నవాళ్లు ఉన్నారు. పాస్టరమ్మగారు ఈ మధ్య నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. ఆ శుక్రవారం ఆమేన్ అన్న వాళ్లలో ఒక్కరు కూడా నా గుమ్మం ఎక్కి, తప్పైంది రాజమణీ అనలేదు, వాళ్లమీద నాకు కోపం ఉంది, లేదని ఈ మైకు ముందు అబద్ధం ఆడను. కాని నేను వాళ్ల నోళ్లు పడిపోవాలని ప్రార్థించడం లేదు. అన్నం ముందు కూర్చుంటే అన్నం కోసమే స్తోత్రం చెబుతున్నాను. సునీతా నేనూ ఇవాళ ఒకే బస్సులో వచ్చాం, వేరు వేరు సీట్లలో. ఆమెకు నా మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అడిగితే మీకూ చెబుతుంది, అది ఆమె హక్కు. గోడకు ఇవతల నేను గిన్నెలు మాత్రం ఎత్తి పడేయడం లేదు.

సహోదరీలారా, స్వస్థత కావాలన్న వాళ్లను పాస్టరుగారు తరువాత ముందుకు పిలుస్తారు. నేను ఇంకొకళ్లను పిలుస్తున్నాను. ఒకరి పతనం కోసం మోకాళ్లూని, అది జరిగితే దేవుడు చేశాడని చెప్పుకున్న వాళ్లు ఎవరైనా ఈ పందిట్లో ఉంటే, ముందుకు రావద్దు, తిన్నగా ఆ మనిషి ఇంటికి వెళ్లండి. నమ్మండి, ప్రభువు కోపిష్టులను గుమ్మం బయట నిలబెట్టడు, నన్ను నిలబెట్టలేదు. ఆ మనిషి మిమ్మల్ని కొట్టొచ్చు, తలుపు వేసుకోవచ్చు. అయినా ఆ గుమ్మంలో నిలబడి, దేవుడు కాదు, నేనే చేశాను అని చెప్పి రండి. ఆ ఒక్క మాట నా చేత చెప్పించిన దేవునికే మహిమ.